కారాసేవు పొట్లంలో సున్నా

ఐదు రూపాయల కారాసేవు పొట్లంలో నా మొహం నాకే కనిపించిన రోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కార్డుకు అంటిన నూనెను లుంగీ అంచుతో తుడిచి చూశాను. ముందువైపు నేనే. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, కోడిని పట్టబోయేవాడిలా నిలబడి ఉన్నాను. అంతవరకూ బాగానే ఉంది. వెనక్కి తిప్పితే రెండే వరుసలు. రైడు పాయింట్లు: సున్నా. పట్టు పాయింట్లు: సున్నా. ఇరవై ఏళ్ళకు పైగా కబడ్డీ ఆడి అరిగిపోయిన మనిషికి రెండు సున్నాలు చుట్టి, పైన సేవు పోసి అమ్ముతున్నారు మహానుభావులు!

తమిళనాడు రాజపాళయంలో మిల్లుల పక్కన ఉన్న మైదానంలో వేసవి ఆదివారాల్లో కబడ్డీ పోటీలు జరుగుతాయి. చుట్టుపక్కల ఊళ్ళ జట్లన్నీ వస్తాయి. మాది సేత్తూరు జట్టు. ఈసారి పోటీల కమిటీకి కొత్త ఆలోచన పుట్టింది. ఆటగాళ్ళందరి ఫోటోలతో కార్డులు అచ్చువేసి, ఊళ్ళో సేవు తయారుచేసే ఒకాయన చేత పొట్లానికి ఒకటి చొప్పున పెట్టించారు. పిల్లలు ఎగబడ్డారు. బడి ముందు అంగట్లో మధ్యాహ్నానికే సేవు అయిపోయేది. జట్టు గెలిచినా ఓడినా అడగని ఊరు, ఎవరి కార్డు దొరికిందని అడగడం మొదలుపెట్టింది.

అది నా ఆఖరి సీజన్. ఆ సంగతి మొదటి మ్యాచ్‌కు ముందే జట్టుకు చెప్పేశాను. స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టర్ పని, పగలంతా నిలబడే ఉండాలి. సాయంత్రం మైదానంలో మోకాళ్ళ మీద పడాలి. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంకొక ఏడాది ఆడితే ఆ తర్వాత నడవడానికి కర్ర కొనుక్కోమన్నాడు. మోకాళ్ళకు బ్యాండేజీ గుడ్డ చుట్టుకుని దిగేవాణ్ణి. మా వైపు ఆ గుడ్డకు కొదవ లేదు. వీధి వీధికీ మగ్గాల మీద నేస్తూనే ఉంటారు.

కాబట్టి ఆ కార్డు మీద నాకు ఆశ పుట్టిందంటే తప్పు పట్టకండి. మా జట్టు ఎప్పుడూ కప్పు గెలిచింది లేదు. పేపర్లో ఫోటో వేస్తే రైడరుది వేస్తారు. రైడరంటే కూత పెట్టుకుంటూ ఎదుటివాళ్ళ గడిలోకి వెళ్ళి, తాకి తిరిగి వచ్చేవాడు. వాడు గాల్లోకి ఎగురుతాడు, ఫోటోకు బాగుంటుంది. నేను కార్నర్‌లో నిలబడేవాణ్ణి. వచ్చినవాడు వెనక్కి తిరిగే క్షణంలో వాడి చీలమండ దొరకబుచ్చుకోవడం నా పని. ఫోటోలో నేనెప్పుడైనా పడ్డానంటే రెండు చేతులు పడ్డట్టే. మొహం మట్టిలో ఉంటుంది. ఇన్నేళ్ళకు నా మొహం వేసి ఒక వస్తువు వచ్చింది, అందులో సరైన అంకె ఒక్కటి ఉంటే చాలు, దాన్ని దాచుకుని ఆట మానేద్దాం అనుకున్నాను. నేను కోరింది అంతే.

ఇంట్లో చూపిస్తే మా ఆవిడ కార్డు వంక ఒకసారి, పొట్లం వంక ఒకసారి చూసింది.

"సేవు బాగుండాది. దానికేం కొరవ?" అని నాలుగు నోట్లో వేసుకుంది.

"సున్నా వేసినారు, కనపడలేదా?"

"కనపడ్య. ఇంట్లో మీరు చేసే పనికి సరిగ్గా వేసినారనుకొంటి."

ఆమె ఎగతాళికి నేను అలవాటు పడ్డవాణ్ణే. నన్ను కాల్చింది అది కాదు. పిల్లలు ఆ కార్డులతో ఒక ఆట కనిపెట్టారు. ఆడే ఇద్దరూ ఒక్కో కార్డు నేలకేసి కొట్టి, వెనకున్న అంకె చూస్తారు. పెద్ద అంకె ఉన్నవాడు రెండూ తీసుకుంటాడు. మా అమ్మాయి ఆరో తరగతి. ఒక సాయంత్రం మిల్లు నుంచి వచ్చేసరికి తిన్నె మీద స్నేహితురాళ్ళతో అదే ఆడుతోంది. దాని పక్కన పాత బిస్కెట్ డబ్బా ఒకటి. అందులో చూస్తే అన్నీ నేనే. ఒకే మొహం, ఒకే భంగిమ, కట్టలు కట్టలు.

"ఇన్ని ఎక్కడివమ్మా?"

"అందురూ నాకే ఇస్తారు నాయనా. మీ నాయనది గదా, నువ్వే పెట్టుకో అంటారు."

"మరి ఆడేటప్పుడు ఏసేది లేదా?"

అది తల వంచుకుంది. "ఏస్తే ఓడిపోతా గదా. ఊరికే ఓడిపోయేదానికి ఏమిటికి ఏసేది?" అని, నా మొహం చూసి గబుక్కున, "ఫోటో బాగుండాది నాయనా" అంది.

పిల్ల నన్ను ఓదారుస్తోంది! అరికాలి మంట నెత్తికెక్కడమంటే అప్పుడు తెలిసింది. మిగతా జట్ల కార్నర్‌లకు అంకెలు ఉన్నాయి. నిరుడు నా కాళ్ళ మీద పడి పట్టు నేర్పమన్న మంసాపురం కుర్రవాడికి కూడా రెండంకెలు ఉన్నాయి. మా జట్టులో మిగతావాళ్ళు అప్పుడప్పుడూ రైడుకు కూడా పోతారు కాబట్టి పైవరుసలో ఏదో ఒకటి పడింది. అచ్చంగా పట్టడానికే పుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే, అచ్చంగా సున్నా అయినవాణ్ణీ నేనే.

మర్నాడు షిఫ్టు దిగి, స్నానం కూడా చేయకుండా, జుట్టులో దూదితోనే కమిటీ సెక్రటరీ దగ్గరికి పోయాను. ఆయన టౌనులో పాత కుటుంబం మనిషి, ఆడిటరు, నాకన్నా చిన్నవాడు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. కార్డు బల్ల మీద పెట్టాను.

"ఇది ఏం సార్ ఇది? నేనేమి ఆటకు పోయినానా, సంతకు పోయినానా?"

ఆయన కార్డు చూశాడు, నన్ను చూశాడు, కంప్యూటర్ తెరిచాడు.

"అన్నా, కోపపడద్దు. మేము ప్రతి టీమునూ అడిగినాము, ఎవరికి ఇంతవరకు ఎన్ని పాయింట్లు అని. మీ టీము పంపించిందాన్లో పట్టు పాయింట్లకు ఎదురుగా ఒక్కరి పేరు గూడా లేదు. అన్నీ 'టీము' అని ఉండాది. ప్రింటింగ్ ఆయన నంబరు లేకుంటే జీరో వేసేసినాడు. మీరే గదా మీ టీములో అట్ల పద్ధతి పెట్టినది?"

ఆయన అన్నది నిజం. మా జట్టులో పట్టు ఎవరిదీ కాదు. మాకు ఆట నేర్పిన పెద్దాయన పెట్టిన కట్టుబాటు అది. ఒకడు చీలమండ పట్టుకుంటాడు, పక్కన కవర్‌లో నిలబడేవాడు నడుము మీద పడతాడు, మిగిలిన ఇద్దరూ పైన పడతారు. ఇందులో ఎవడు పట్టాడు? పాయింటు వచ్చాక మా వాళ్ళెవరూ చెయ్యెత్తకూడదు, తొడ కొట్టకూడదు. ఎత్తినవాడు తర్వాతి మ్యాచ్ బయట కూర్చోవాలి. పెద్దాయన పోయాక దాన్ని కాపాడింది నేను. ఆయన కన్నా కఠినంగా కాపాడాను. ఒకసారి ఒక కుర్రవాడు పట్టిన సంబరంలో వేలు పైకెత్తాడని వాణ్ణి రెండు మ్యాచ్‌లు కూర్చోబెట్టాను. వాడు ఏడ్చినా వినలేదు. ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడంటారు. నాది గొయ్యి కూడా కాదు, బావి.

అయినా వెనక్కి తగ్గలేదు. తగ్గి ఉంటే ఈ రాత రాసే పని ఉండేది కాదు.

"ఉండనీ సార్. ఇంతవరకు పోయింది పోనీ. ఇకమీదైనా ఎవరు పట్టితే వాళ్ళ పేరు రాయించండి. రెండో తడవ కార్డు వేస్తారు గదా, దాన్లో నంబరు రావల."

"వేస్తాము. సెమీ ఫైనల్ అయినాక వేస్తాము. కానీ అన్నా, మీవాళ్ళు నలుగురూ పైన పడితే రెఫరీ ఎవరి పేరు చెప్పేది?"

"ముందు ఎవడు పట్టితే వాడిది."

"అట్ల కుదరదు. గొడవ వస్తుంది. వేరే టీములకు ఎట్ల రాస్తామో మీకూ అట్లే. ఒక్కడే పట్టితే పూర్తి పాయింటు వాడిది. ఇద్దరు పట్టితే చెరిసగం. ముగ్గురో నలుగురో అయితే ఎవరికీ లేదు, టీముకే."

సరేనన్నాను. ఆ లెక్క విన్నప్పుడు నా బుర్రకు ఏమీ తట్టలేదు. తట్టి ఉండాలి.

జట్టుకు నేనే చెప్పాను, ప్రాక్టీసు అయ్యాక, అందరూ మంచినీళ్ళు తాగుతున్నప్పుడు. ఇకనుంచి పట్టినవాడి పేరు మైకులో చెబుతారు, కార్డులో వేస్తారు, కమిటీ వాళ్ళు అలా పెట్టారు అన్నాను. కమిటీ మీదికి తోసేశాను. వీళ్ళేమన్నా చిన్నపిల్లలా? నేను టౌనుకు పోయిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు. చెంబు చేతులు మారింది. నా పక్కన కవర్‌లో ఆడేవాడు మాత్రం, "సరి మామా. మంచిదే గదా" అన్నాడు.

వాడు మా దూరపు చుట్టం, వరసకు అల్లుడు. పదేళ్ళుగా నా పక్కన నిలబడ్డవాడు. నేను పట్టుకున్నాక వాడు వస్తాడా రాడా అని నేను ఎన్నడూ తల తిప్పి చూసింది లేదు. నా చేతులు చీలమండకు తగిలేసరికి వాడి బరువు రైడరు నడుము మీద ఉండేది. మనిషి మాటకారి కాదు. పెళ్ళిలో కూడా వాడు మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆ తర్వాతి ఆదివారం మ్యాచ్‌లో నా పేరు మైకులో వినపడింది. తల మట్టిలో ఉండగా వినపడింది. మా నాయన పేరు ఇనిషియలుతో సహా, గట్టిగా, మైదానమంతా. అబద్ధం ఎందుకు, ఒళ్ళు పులకరించింది. లేచి చెయ్యెత్తబోయి, మధ్యలో ఆపి, ఆ చేత్తో జుట్టు దులుపుకున్నాను. ఇంకోసారి సగం పాయింటు. మళ్ళీ ఇంకోసారి పూర్తిగా. జనంలో మా అమ్మాయి ఎక్కడుందో వెతుక్కున్నాను. బెంచీ ఎక్కి నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. ఆ మ్యాచ్ గెలిచాం. సెమీ ఫైనల్‌కు వచ్చాం.

ఇంటికి పోయేటప్పుడు అమ్మాయి అడిగింది, "కొత్త కార్డు ఎప్పుడు వచ్చేది నాయనా? నేను ముందు అదే ఏస్తా."

"సెమీ ఫైనల్ ఆడేస్తే వస్తాది."

ఇంత వయసులో అంత ఆత్రం ఏమిటని మీరు అడగవచ్చు. నేనూ అడుక్కున్నాను. ఒకటే సమాధానం వచ్చేది. ఈ ఒక్కసారే కదా. ఇంకో ఆదివారం, ఆపైన బాగా ఆడితే ఇంకొకటి. తర్వాత నేనెక్కడ, కబడ్డీ ఎక్కడ.

సెమీ ఫైనల్ మంసాపురం వాళ్ళతో పడింది. ఎండ వాలినా నేల ఇంకా సెగ కక్కుతోంది. మొదటి సగంలో వాళ్ళు ముందు, రెండో సగంలో మేం అందుకున్నాం. ఆ రోజు నా మోకాళ్ళు నాకు ఎదురు తిరగలేదు, అదే ఆశ్చర్యం. మైకులో నా పేరు మళ్ళీ వినపడింది. వినపడ్డ కొద్దీ ఇంకా వినాలనిపించింది.

చివరికి స్కోరు సమానంగా ఉంది. మిగిలింది ఒక్క రైడు, అది వాళ్ళది. వాడు మాలో ఒకణ్ణి తాకి తిరిగి పోతే వాళ్ళు గెలుస్తారు. మేం పట్టేస్తే మేం గెలుస్తాం. ఎవరూ ఎవరినీ తాకకపోతే అదనపు ఆట. మా గడిలో నలుగురం ఉన్నాం.

రైడరు బలమైనవాడు, తొడలు రోకళ్ళలా ఉన్నాయి. నా వైపు వచ్చాడు, కాలు చాపి బెదిరించాడు, వెనక్కి తిరిగాడు. ఆ తిరగడంలో వాడి ఎడమ చీలమండ నాకు కనపడింది. ఇరవై ఏళ్ళుగా నేను చూసింది దాన్నే. దూకాను. రెండు చేతులకూ దొరికింది. గట్టిగా బిగించి, తల దించి, బరువు కోసం ఎదురుచూశాను.

బరువు రాలేదు.

వాడు ముందుకు పడ్డాడు. నేను వాడి వెనక ఈడ్చుకుపోతున్నాను. మట్టి నోట్లోకి పోతోంది. ఒక్క మనిషి నడుము మీద పడితే ఆగిపోయే మనిషి వాడు. పడాల్సినవాడు పడలేదు. నేను తల ఎత్తి చూశాను, నా జీవితంలో మొదటిసారి, నా పక్కవాడు ఎక్కడున్నాడని. రెండడుగుల దూరంలో, చేతులు సగం చాచి, నిలబడి ఉన్నాడు. మిగతా ఇద్దరూ ఎప్పటిలాగే వాడి వెనకే రావాలని వాడి కోసం ఆగి ఉన్నారు. నేను అరవాలనుకున్నాను. నోటి నిండా మట్టి. రైడరు మోచేతుల మీద పాకి, చెయ్యి చాపి, మధ్యగీత తాకాడు.

ఈల ఊదారు. మంసాపురం వాళ్ళు గాల్లోకి ఎగిరారు. నా చేతుల్లో ఇంకా ఆ చీలమండ ఉంది. ఆ రైడరే వంగి, "వొదలండి అన్నా, అయిపోయింది" అన్నాడు.

లేచి నేరుగా మా కవర్ మీదికి పోయాను. జనం చూస్తున్నారు, కమిటీ చూస్తోంది, మా ఇంటివాళ్ళు చూస్తున్నారు. నాకు ఎవరూ కనపడలేదు.

"ఏమిటికిరా రాలేదు? చేతులు పడిపోయినాయా? పక్కనే నిలుచుకొని తమాషా చూస్తా ఉండావే! పాయింటు నీకు సగమే వస్తాదని అసూయపడితివా? మీ అబ్బకు పుట్టినవాడివేనా నువ్వు?"

అనకూడని మాట అనేశాను. వాడు కదల్లేదు. తల దించుకుని, నా మోకాలి నుంచి ఊడి వేలాడుతున్న బ్యాండేజీ గుడ్డ వైపు చూస్తూ చాలా నెమ్మదిగా అన్నాడు:

"నేను వచ్చి పట్టితే మీకు సగమే గదా మామా రాస్తారు. మనతో పాటు వాళ్ళిద్దరూ పడితే అదీ లేదు. మీ కార్డుకు అది ఆఖరి పట్టు. పూర్తిగా మీదిగా ఉండనీ అని నిలిచిపోతిని. మీరు వొదలరని తెలుసు గదా. వొదలలేదు గూడా." ఆగి, "చేసింది తప్పా మామా?" అని అడిగాడు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. అంతవరకూ ఊరుకున్న మోకాళ్ళు అప్పుడు ఎదురు తిరిగాయి. అల్లుడే చంక కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు. నేను పడకుండా, రెండు చేతులతో, గట్టిగా, ఆ రైడరును ఎలా పట్టాల్సిందో అలా పట్టుకున్నాడు. పదేళ్ళు నా మీద చూపు పెట్టి, నేను చెయ్యి వేసిన చోటికి రావడం వాడికి నేర్పింది నేను. ఆగిపోవడం నేర్పింది కూడా నేనే, దానికి రెండు వారాలు చాలాయి. వాడు ఇంకా నా జవాబు కోసం చూస్తున్నాడు. తప్పు కాదురా అనడానికి నోరు తెరిచాను. వాడి భుజం మీద తల పెట్టి, అంత మంది ముందు, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.